చౌడు నేలకు ఏ సేంద్రియ ఎరువు, ఎంత, ఎప్పుడు: సూక్ష్మజీవుల శ్వాస కొలిచి తేల్చుకునే పద్ధతి

చౌడు నేలకు సేంద్రియ ఎరువు తోలితే బాగుపడుతుందన్న మాట అన్నిచోట్లా నిజం కాదు. ఉప్పు తేలిన నేలలో సూక్ష్మజీవులు మందగించడానికి రెండు వేరు వేరు కారణాలున్నాయి. నేల తడిలో ఉప్పు గాఢత పెరిగి, కణంలోని నీటిని బయటికి లాగేయడం ఒకటి. తిండి లేకపోవడం రెండోది: ఉప్పు వల్ల పైరు ఎదగదు, వేర్లూ ఆకులూ నేలలో కలవవు, ఏటికేడు కర్బనం తగ్గిపోతుంది. మీ నేలలో తిండి కొరతే అసలు సమస్య అయితే ఎరువు వేసిన రోజుల్లోనే కదలిక వస్తుంది. ఉప్పే అసలు సమస్య అయితే ఎరువు కుళ్లకుండా పడి ఉంటుంది, లేదా ఉన్న ఉప్పుకు తన ఉప్పు కలుపుతుంది.

ఈ రెండింటికీ లంకె ఉంది. ఉప్పును తట్టుకోవడానికి సూక్ష్మజీవులు కణం లోపల ప్రోలిన్, గ్లైసిన్ బీటైన్, ట్రెహలోజ్ వంటి పదార్థాలు తయారుచేసుకుంటాయి. వాటికి కర్బనం, నత్రజని, శక్తి కావాలి. అందుకే తిండి అందిన సూక్ష్మజీవులు అదే ఉప్పును మరికాస్త బాగా ఓర్చుకుంటాయి. మీ నేలలో ఎరువు ఎంతవరకు ఆదుకోగలదో చూపుతో చెప్పలేం. సూక్ష్మజీవులు తిండి తింటూ వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను, అంటే వాటి శ్వాసను కొలిచే కింది పరీక్ష 28 రోజుల్లో తేలుస్తుంది. ఒక మామూలు రసాయన ప్రయోగశాల, లేదా తూకం యంత్రం, బ్యూరెట్ (ద్రావణాన్ని చుక్కచుక్కగా కొలిచి పోసే గాజు గొట్టం) ఉన్న గది చాలు.

1. ముందు ఏ చౌడో తేల్చుకోండి

బాగా లేని మచ్చ నుంచి ఒక నమూనా, అదే పొలంలో పైరు బాగున్న చోటు నుంచి ఇంకొకటి తీయండి. రెండూ ఒకే రకం మట్టి కావాలి. ఒకటి బంకమట్టి, ఇంకొకటి ఇసుక అయితే మీకు కనిపించే తేడా ఉప్పుదో మట్టిదో తెలియదు. ఒక్కో నమూనాకు 10–15 చోట్ల 15 సెం.మీ. లోతు వరకు తీసి కలపండి. మచ్చ మట్టినీ మంచి మట్టినీ కలిపి సగటు తీయకండి, ఆ సగటు పొలంలో ఎక్కడా ఉండదు. పైన తెల్లటి పెచ్చు ఉంటే దాన్ని విడిగా గీరి వేరే సంచిలో పెట్టండి.

ఒక్కో నమూనాలో కొంత మట్టిని నీడలో ఆరబెట్టి 2 మి.మీ. జల్లెడ పట్టండి. 20 గ్రాముల మట్టికి 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపి గంటసేపు ఊపి, అరగంట తేరనిచ్చి పైనీటి ఈసీ (విద్యుత్ వాహకత, ఉప్పు ఎంత ఉందో చెప్పే కొలత), పీహెచ్ చూడండి. ఈసీ మీటరును ముందు 0.01 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణంతో సరిచూడాలి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది 1.41 డెసీసీమెన్స్/మీటరు చూపాలి. ఉష్ణోగ్రత సవరణ లేని మీటరైతే డిగ్రీకి సుమారు 2 శాతం తేడా వస్తుంది.

ఈ 1:5 రీడింగు, పుస్తకాల్లో కనిపించే సంతృప్త ముద్ద ఈసీ (మట్టిని నీటితో ముద్దగా తడిపి, అందులోంచి తీసిన నీటి ఈసీ) ఒకటి కాదు. ముద్ద ఈసీకి మార్చాలంటే ఇసుక నేలకు సుమారు 14తో, ఎర్ర గరప వంటి మధ్యరకం నేలకు 10తో, బరువైన బంకనేలకు 7తో హెచ్చవేయండి. నేలలో జిప్సం ఉంటే ఈ లెక్క తప్పుతుంది, ఎందుకంటే 1:5లో నీరు ఎక్కువ కాబట్టి జిప్సం అదనంగా కరిగి ఈసీని ఉన్నదానికంటే పెంచి చూపుతుంది.

ముద్ద ఈసీ 4 డెసీసీమెన్స్/మీటరు దాటి, పీహెచ్ 8.5 లోపు ఉంటే అది పాల చౌడు. పీహెచ్ 8.5 పైన ఉండి, మార్పిడి సోడియం (బంక రేణువులకు అంటుకుని ఉండే సోడియం) 15 శాతం దాటితే కారు చౌడు. రెండు లక్షణాలూ కలిసిన నేలలూ ఉంటాయి, తప్పు నిర్ణయాలు ఎక్కువగా జరిగేది వాటి దగ్గరే. ల్యాబ్ రిపోర్టు వచ్చేలోపు ఒక చిన్న పరీక్ష చేయండి: శనగగింజంత ఎండు గడ్డను గిన్నెలోని డిస్టిల్డ్ వాటర్‌లో కదపకుండా వేసి రెండు గంటలు చూడండి. గడ్డ చుట్టూ పాలలాంటి మబ్బు కమ్మితే సోడియం బంకను విడగొడుతోందని అర్థం. మబ్బు లేకపోయినంత మాత్రాన ధైర్యపడకండి. ఉప్పు ఎక్కువగా ఉంటే సోడియం ఉన్నా బంక విడిపోదు. గడ్డను మరో రెండుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి మళ్లీ చూడండి. అప్పుడు మబ్బు కడితే, జిప్సం లేకుండా ఆ పొలాన్ని మంచినీటితో కడిగినప్పుడు జరిగేదీ అదే: ఉప్పు పోతుంది, నేల పైపొర బిగుసుకుపోతుంది, లోపలికి గాలి ఆడదు.

2. ఎరువు ఉప్పును కూడా కొలవండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. ఎరువును కూడా ఇలాగే 1:5లో కలిపి ఈసీ చూడండి. ఎండు ఎరువు టన్నులో ఎన్ని కిలోల ఉప్పు ఉందో తెలియాలంటే ఆ ఈసీని 3.2తో హెచ్చవేస్తే చాలు. 1 డెసీసీమెన్ అంటే లీటరుకు సుమారు 0.64 గ్రాముల లవణం, కిలో ఎరువుకు 5 లీటర్ల నీరు. ఆ రెండింటి లబ్ధమే 3.2.

కోళ్ల ఎరువు ఈసీ 10 వచ్చిందనుకుందాం. టన్నుకు 32 కిలోల ఉప్పు. ఎకరాకు 5 టన్నులు వేస్తే 160 కిలోలు. ఎకరంలో పై 15 సెం.మీ. మట్టి సుమారు 8 లక్షల కిలోలు ఉంటుంది. 1:5 ఈసీ 0.5 ఉన్న నేలలో ఇప్పటికే ఉన్న ఉప్పు దాదాపు 1,300 కిలోలు. అంటే ఒక్క దఫాలో 12 శాతం పైగా కలిపారన్నమాట. ఇందులో చాలా భాగం పొటాషియం, అమ్మోనియం వంటి పోషకాలే, పైరు కొంత తీసుకుంటుంది నిజమే. కానీ మొలక దశలో వేరుకు పోషకమా కాదా అన్న తేడా తెలియదు, గాఢత మాత్రమే తెలుస్తుంది. ఎరువు ఈసీ 4 దాటితే మచ్చలున్న చోట దాన్ని నేరుగా వాడవద్దు. వానకు నానిన గుట్టలో ఉప్పు కొంత దిగిపోతుంది, కానీ దాంతోపాటు నత్రజని, పొటాష్ కూడా పోతాయి.

ఎరువులో కర్బన–నత్రజని నిష్పత్తి కూడా చూడాలి. లేత పచ్చిరొట్ట 15–20, చివికిన పశువుల ఎరువు 20–30, వరిగడ్డి 60 పైన. నిష్పత్తి 25–30 దాటితే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తమకోసం లాగేసుకుంటాయి. ఉప్పు నేలలో పైరుకు అసలే నత్రజని సరిగా అందదు, కాబట్టి ఒట్టి గడ్డిని కలియదున్నడం అక్కడ మరింత నష్టం.

3. సీసాలు సిద్ధం చేయండి

రెండు మట్టులు, మూడు తీర్లు: ఎరువు లేకుండా, చివికిన కంపోస్టుతో, పచ్చిరొట్ట పొడితో. ఒక్కోదానికి మూడు సీసాలు, మొత్తం 18. మట్టి లేని ఖాళీ సీసాలు మరో 3. అన్నీ గాలి చొరబడని మూతలున్న 1 లీటరు గాజు సీసాలే కావాలి. మూత లోపలి రబ్బరు వాషరు పగిలి ఉంటే ఆ సీసా పనికిరాదు.

ముందు మట్టి ఎంత నీరు పట్టుకుంటుందో చూడండి. గరాటులో తడిపిన వడపోత కాగితం పెట్టి 50 గ్రాముల ఎండు మట్టి వేసి, నీళ్లు పోసి నాననిచ్చి, మూత వేసి 24 గంటలు కారనివ్వండి. పెరిగిన బరువే ఆ మట్టి పట్టుకునే నీరు. పరీక్షలో అందులో 50–60 శాతం వరకే నీరు ఉంచాలి. అంతకంటే ఎక్కువైతే గాలి అందదు, తక్కువైతే ఉప్పు చిక్కబడుతుంది. కారు చౌడు గరాటులో ముద్దకట్టి నీరు వదలకపోవచ్చు. అప్పుడు ఆ అంకెను నమ్మకండి. పిడికిట్లో నొక్కితే ఉండ కట్టి, వేలితో తడితే విరిగిపోయే తడి దగ్గర ఆపండి.

ఈ తడి విషయంలో జాగ్రత్త ఎందుకంటే, సూక్ష్మజీవికి తగిలేది ఈసీ మీటరు చూపిన అంకె కాదు, తన చుట్టూ ఉన్న నీటిపొరలోని గాఢత. ముద్ద ఈసీ 8 ఉన్న నేలలో నీరు సగానికి తగ్గితే ఆ పొరలో ఈసీ 16 అవుతుంది. మరో సగం ఆరితే 32. ఈసీని 0.036తో హెచ్చవేస్తే ద్రవాభిసరణ లాగుడు మెగాపాస్కల్స్‌లో వస్తుంది: 8 దగ్గర 0.29, 16 దగ్గర 0.58, 32 దగ్గర 1.15. మొక్కలు శాశ్వతంగా వాడిపోయే హద్దు 1.5 అని గుర్తుపెట్టుకుంటే ఈ అంకెల తీవ్రత తెలుస్తుంది. అంటే ఉప్పు ఒక్క గ్రాము పెరగకపోయినా నేల ఆరడంతోనే సూక్ష్మజీవుల కష్టం నాలుగింతలు కాగలదు.

100 గ్రాముల ఎండు మట్టిని చిన్న ప్లాస్టిక్ గిన్నెలో తీసుకుని లెక్క ప్రకారం డిస్టిల్డ్ వాటర్ చల్లి, మూత వదులుగా పెట్టి 25 డిగ్రీల దగ్గర 7–10 రోజులు ఉంచండి. ఎండిన మట్టి తడవగానే రెండు మూడు రోజులు శ్వాస ఒక్కసారిగా ఎగసిపడుతుంది. ఆరిపోయి చచ్చిన కణాలే అప్పుడు తిండి అవుతాయి. ఈ విరామం ఇవ్వకపోతే ఆ పొంగును ఎరువు ఫలితమనుకుంటారు.

విరామం తర్వాత ఎరువు కలపండి. గిన్నెకు 1 గ్రాము, 60–65 డిగ్రీల దగ్గర ఆరబెట్టి 2 మి.మీ. దాటకుండా నలిపింది. ఇది ఎకరాకు 8 టన్నుల ఎండు ఎరువుతో సమానం. తేడా స్పష్టంగా కనబడడానికే ఇంత మోతాదు, పొలంలో వేయడానికి కాదు. ఎరువు లేని గిన్నెలను కూడా అంతే సేపు కలియబెట్టండి, ఎందుకంటే కలిపినంత మాత్రానే మట్టి శ్వాస కొంత పెరుగుతుంది.

4. శ్వాసను పట్టి కొలవండి

గిన్నెను సీసాలో పెట్టి, పక్కన 20 మి.లీ. 0.5 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ ఉన్న చిన్న బీకరు, ఇంకో బుడ్డిలో 10 మి.లీ. నీళ్లు పెట్టి మూత బిగించండి. సూక్ష్మజీవులు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే క్షారం ఇదే. సోడియం హైడ్రాక్సైడ్ లీటరుకు 20 గ్రాములు. అప్పుడే మరిగించి చల్లార్చిన డిస్టిల్డ్ వాటర్‌లో కలపండి. మామూలు నీటిలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ దాని బలం తగ్గిస్తుంది. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఆమ్లాన్ని పలచన చేసేటప్పుడు నీటిలోకి ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీరు పోయకూడదు.

1, 3, 7, 14, 21, 28 రోజుల్లో బీకరు తీసి కొత్తది పెట్టండి. పచ్చిరొట్ట సీసాలు మొదటి వారం చాలా వేగంగా శ్వాసిస్తాయి. బీకరులోని క్షారంలో మూడింట రెండు వంతులు ఖర్చయిందంటే ఆ దఫా లెక్క తక్కువగా వచ్చినట్టే, కాబట్టి ఆ సీసాలకు 2, 5 రోజుల్లో కూడా మార్చండి. ప్రతిసారీ మూత 15 నిమిషాలు తెరిచి గాలి ఆడనివ్వండి, గిన్నె బరువు చూసి తగ్గిన నీటిని డిస్టిల్డ్ వాటర్‌తో భర్తీ చేయండి.

తీసిన బీకరులో వెంటనే 5 మి.లీ. 1 మోలార్ బేరియం క్లోరైడ్ పోయండి. పట్టుబడిన కార్బన్ డయాక్సైడ్ తెల్లటి బేరియం కార్బొనేట్‌గా కిందికి దిగుతుంది. రెండు చుక్కల ఫినాఫ్తలీన్ (క్షారంలో గులాబీ రంగు చూపే సూచిక) వేసి, మిగిలిన క్షారాన్ని 0.5 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో గులాబీ రంగు పోయేదాకా టైట్రేట్ చేయండి (బ్యూరెట్‌తో పోస్తూ ఎంత ఆమ్లం పట్టిందో చూడండి). ఆఖర్లో చుక్క చుక్కగా, కలుపుతూ పోయాలి. ఆమ్లం ఒకచోట పేరుకుంటే తెల్లటి మడ్డి కరిగి లెక్క చెడుతుంది. బేరియం లవణాలు విషం. పారబోసే ముందు మెగ్నీషియం సల్ఫేట్ కలిపి కరగని సల్ఫేటుగా మార్చి, ఆ మడ్డిని వేరుచేయండి.

లెక్క: ఖాళీ సీసాకు పట్టిన ఆమ్లం మి.లీ. నుంచి మట్టి సీసాకు పట్టిన మి.లీ. తీసేసి, ఆమ్లం నార్మాలిటీతోనూ 6తోనూ హెచ్చవేస్తే కర్బనం మిల్లీగ్రాముల్లో వస్తుంది. ఉదాహరణకు ఖాళీది 19.4, మట్టిది 16.8 అయితే 2.6 × 0.5 × 6 = 7.8 మి.గ్రా. ఇది 100 గ్రాములది, కాబట్టి కిలోకు 78. నాలుగు రోజుల దఫా అయితే రోజుకు 19.5. మూడు ఖాళీ సీసాల మధ్య తేడా 0.3 మి.లీ. దాటితే ఏదో మూత కారుతోంది.

5. అంకెలు ఏం చెబుతున్నాయి

విడి అంకె కన్నా పోలిక ముఖ్యం. ముందు ప్రతి మట్టిలో ఎరువు వేసినదాని నుంచి వేయనిదాన్ని తీసేయండి. అది ఎరువు తెచ్చిన పెరుగుదల. చౌడు మట్టిలో వచ్చిన పెరుగుదల, మంచి మట్టిలో వచ్చినదానిలో ఎంత శాతమో చూడండి.

80 శాతం పైన ఉంటే, మీ నేల సూక్ష్మజీవులు ఉప్పుకు అలవాటుపడ్డాయి, వాటికి కావలసింది తిండి. ఎరువుతో మొదలుపెట్టవచ్చు. 40 లోపు ఉంటే ఉప్పే అడ్డం, ముందు కడగాలి. మధ్యలో ఉంటే రెండు పనులూ కలిపి చేయాలి. ఇవి పని నడపడానికి పెట్టుకున్న హద్దులే, గీత గీసినట్టు తీసుకోకండి. పచ్చిరొట్టకు బాగా స్పందించి కంపోస్టుకు స్పందించకపోతే కంగారు పడనక్కర్లేదు. చివికిన కంపోస్టులో తేలికగా తినదగ్గ భాగం ముందే అయిపోయి ఉంటుంది, అందుకే 28 రోజుల్లో దాని స్పందన ఎప్పుడూ చిన్నదే. బయోచార్ (గాలి తగలకుండా కాల్చిన పంట వ్యర్థాల బొగ్గు) అయితే ఇంకా తక్కువ. దాని బూడిద పీహెచ్‌నూ పెంచుతుంది కాబట్టి కారు చౌడుకు దాన్ని మేము సిఫారసు చేయం.

శ్వాస ఎక్కువగా ఉండడం ఎప్పుడూ ఆరోగ్యం కాదు. ఉప్పు ఒత్తిడిలో ఉన్న సూక్ష్మజీవులు తిన్న కర్బనాన్ని ఒళ్లు పెంచుకోవడానికి కాక, తట్టుకోవడానికే ఖర్చుచేస్తాయి. మొదటి వారం ఎగసి, తర్వాత ఎరువు లేని గిన్నె కంటే కిందికి పడిపోతే ఆ అనుమానం పెట్టుకోండి. తేల్చాలంటే క్లోరోఫామ్ ధూప పద్ధతిలో సూక్ష్మజీవ కర్బనం (సూక్ష్మజీవుల ఒంట్లో ఉన్న కర్బనం) కూడా ల్యాబ్‌లో కొలిపించి, శ్వాసను దానితో భాగించాలి. ఈ నిష్పత్తి ఎక్కువైతే అవి ఇబ్బందిలో ఉన్నట్టు.

కారు చౌడులో మరో రెండు పొరపాట్లు పొంచి ఉంటాయి. పీహెచ్ ఎక్కువ కాబట్టి విడుదలైన కార్బన్ డయాక్సైడ్ కొంత బైకార్బొనేట్‌గా నేల తడిలోనే ఉండిపోయి శ్వాస తక్కువగా కనిపిస్తుంది. మరోవైపు ఆ పీహెచ్‌కే పాత సేంద్రియ పదార్థం కరిగి సూక్ష్మజీవులకు అందడంతో, ఎరువు లేని గిన్నెలో శ్వాస ఊహించినదానికన్నా ఎక్కువ రావచ్చు. ఈ రెండూ ఎదురెదురుగా పనిచేస్తాయి కాబట్టి కారు చౌడు అంకెలను పాల చౌడు అంకెలతో ఎప్పుడూ పోల్చకండి.

మంచి మట్టిలో ఉప్పు కలిపి చౌడును అనుకరించడం తేలికే గానీ, ఫలితం వేరు. ఏళ్ల తరబడి అలవాటుపడిన సూక్ష్మజీవులు అందులో ఉండవు, ఒక్కసారిగా తగిలిన దెబ్బ చాలా పెద్దది. ఒట్టి సోడియం క్లోరైడ్ కలిపితే కారు చౌడు గుణం కూడా వచ్చేస్తుంది. చేయాల్సి వస్తే కాల్షియం క్లోరైడ్ కూడా కలపండి.

వీలైతే 28వ రోజు మట్టిలో అమ్మోనియం, నైట్రేటు విడివిడిగా కొలిపించండి. సేంద్రియ నత్రజనిని అమ్మోనియంగా మార్చే జీవులకన్నా, దాన్ని నైట్రేటుగా మార్చేవి ఉప్పుకు త్వరగా లొంగుతాయి. అమ్మోనియం పేరుకుని నైట్రేటు లేకపోతే, పీహెచ్ ఎక్కువ ఉన్న పొలంలో యూరియా గానీ కోళ్ల ఎరువు గానీ పైన చల్లితే నత్రజని అమ్మోనియా వాయువుగా ఎగిరిపోతుంది. అలాంటి చోట మట్టిలో కప్పెట్టి, చిన్న చిన్న దఫాలుగా ఇవ్వాలి.

6. పొలంలో వరస

నీరు దిగిపోయే దారి లేనిచోట ఏ పనీ నిలవదు. మురుగు కాల్వ ముందు. సోడియం ఉంటే తర్వాత జిప్సం: 100 గ్రాముల మట్టిలో 1 మిల్లీ ఈక్వివలెంట్ (ల్యాబ్ రిపోర్టులో సోడియాన్ని చూపే కొలమానం) సోడియాన్ని తొలగించడానికి 15 సెం.మీ. లోతుకు ఎకరాకు సుమారు 700–770 కిలోల శుద్ధ జిప్సం కావాలి. నేలలో సున్నం ఉంటే సేంద్రియ ఎరువు ఇక్కడ అదనపు మేలు చేస్తుంది. కుళ్లేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ నీటిలో ఆమ్లమై సున్నాన్ని కరిగిస్తుంది, విడుదలైన కాల్షియం సోడియాన్ని నెట్టేస్తుంది. జీలుగకు కారు చౌడులో ఉన్న పేరుకు ఇదొక కారణం. పూత దశకు ముందు, 45–50 రోజులకు కలియదున్ని, నాటడానికి 10–15 రోజులు ఆగండి.

కడగడానికి 30 సెం.మీ. లోతు నేలకు 30 సెం.మీ. నీరు నిలగట్టి ఇంకించితే ఉప్పులో 70–80 శాతం దిగిపోతుంది. ఒకేసారి నిలగట్టడం కన్నా ఆగి ఆగి పెడితే తక్కువ నీటితో అదే ఫలితం వస్తుంది. పచ్చిరొట్ట, జిప్సం కడగడానికి ముందే నేలలో ఉంటే నీరు బాగా దిగుతుంది. కోళ్ల ఎరువు, వర్మీకంపోస్టు మాత్రం కడిగిన తర్వాతే వేయండి, లేకపోతే వాటి పోషకాలే ముందు కొట్టుకుపోతాయి.

మోతాదు ఎకరాకు 4 టన్నుల ఎండు బరువు చాలు, అదీ రెండు మూడు దఫాలుగా. ఒకేసారి వేస్తే తేలిక భాగం రెండు వారాల్లో అయిపోయి సూక్ష్మజీవులు మళ్లీ ఆకలితో ఉంటాయి. దఫాల మధ్య నేలపై గడ్డి పరచండి. కలియదున్నకుండా పైన పరిచిన గడ్డి నత్రజనిని పెద్దగా లాగదు, తడి ఆరకుండా ఆపుతుంది, కింది ఉప్పు పైకి ఎగబాకకుండా చూస్తుంది. పారించే నీటి ఈసీ కూడా కొలవండి. నీళ్లలోనే ఉప్పు ఉంటే ప్రతి తడికీ కడిగినదంతా తిరిగి వస్తుంది.

ఫలితం చూడడానికి ప్రతిసారీ సీసాలు పెట్టనక్కర్లేదు. గంజి పోయేలా ఉతికిన ముడి నూలు గుడ్డను 5 × 20 సెం.మీ. పట్టీలుగా కత్తిరించి, ఆరబెట్టి తూచి, మచ్చలో ఆరు, మంచి చోట ఆరు నిలువుగా పాతండి. రెండు చోట్లా తడి ఒకేలా ఉండాలి. 4, 6, 8 వారాలకు రెండేసి తీసి, మట్టి మెల్లగా కడిగి, ఆరబెట్టి తూయండి. పట్టీ పై సగం గట్టిగా ఉండి కింది సగమే చివికితే ఉప్పు ఇంకా పైపొరలోనే ఉందని అనుమానించి, 0–5, 5–15 సెం.మీ. పొరల ఈసీ విడివిడిగా చూడండి. పై సగం చివికి కింది సగం అలాగే ఉంటే కింద గాలి ఆడడం లేదేమో చూడాలి. అప్పుడు కొలవాల్సింది మార్పిడి సోడియం.